చెరువు నీటిలో పచ్చదనము: నీటి మొక్కలకు కావలసిన దేమి?

చిత్తూరు, తిరుపతి జిల్లాలలో చెరువు గాని కుంట గాని లేని గ్రామము అరుదు. స్వర్ణముఖి, నీవా, ఆరణి, కుశస్థలి, పాలారు మొదలైన ఈ ప్రాంతపు నదులన్నియు వానలున్నపుడు పారి, వేసవిలో ఇసుకమేటలై మిగులునట్టివి. అందుచేత మన పూర్వులు వాననీటిని ఎక్కడికక్కడ కట్టవేసి నిలిపిరి. పై చెరువు మొరవ పోయిన నీరు క్రింది చెరువున చేరునట్లు గొలుసుకట్టుగా ఇవి ఏర్పడినవి. పదునైదవ శతాబ్దమున సాళువ నరసింహుని కాలమునను, అటుతరువాతను, స్వామివారికి సమర్పించిన ద్రవ్యమును దేవాలయ గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించుటకు వినియోగించి, దానివలన పెరిగిన పంట ఆదాయముతో నైవేద్యములు జరిపించుచుండిరని తిరుమల తిరుపతి శాసనములవలన తెలియుచున్నది. అనగా ఈ సీమలో చెరువనునది వట్టి నీటిగుంట కాదు, మూలధనము. దానిని కాపాడు భారములో నేడు గ్రామ పంచాయతీకి పెద్దపాలు కలదు.

చెరువును గూర్చి పంచాయతీ సమావేశములలో జరుగు వాదములలో నీటి వంతుల తరువాత హెచ్చుగా వినబడునది పచ్చదనమును గూర్చిన వాదమే. నాచును వేళ్ళతో సహా తీసివేయవలెనని ఒకరందురు. నాచున్ననే చేప బ్రదుకునని చేపల పాట పాడుకొన్నవారందురు. మైలుతుత్తము చల్లిన ఒక్కదినములో తేలిపోవునని మూడవవారు సలహా చెప్పుదురు. ఇంతలో ఒకనాడు తెల్లవారునప్పటికి చేపలు వెల్లకిల తేలియాడును. ఎవరో విషము కలిపినారను అనుమానము పుట్టి, గ్రామము రెండు కక్షలగును. ఫిర్యాదులు ఠాణా వరకు పోవును. నిజముగా విషము కలిపిన సందర్భములు లేకపోలేదు. కాని, అనేక సందర్భములలో ఆ చేపలను చంపినది మనుష్యుడు కాదు. ఆ చెరువులోని పచ్చదనమే. అది ఎట్లో తెలియవలెనన్నచో, నీటిలోని మొక్క ఏమి తిని, ఏమి విడుచుచున్నదో ముందుగా తెలిసికొనవలెను.

ఆకు చేయు వంట

మొక్కకు నోరు లేదు, ఎవ్వరును అన్నము పెట్టరు. తన ఆహారమును అది తానే వండుకొనవలెను. ఆకులోని పత్రహరితమను ఆకుపచ్చని పదార్థము సూర్యుని వెలుగును పట్టుకొని, ఆ శక్తితో నీటిని, బొగ్గుపులుసు వాయువును కలిపి చక్కెరగా మార్చును. దీనినే శాస్త్రజ్ఞులు కిరణజన్య సంయోగక్రియ యందురు. ఈ వంటలో మిగిలిపోయి బయటికి వచ్చునది ఆమ్లజని; మనమును, పశువులును, చేపలును పీల్చుకొను ప్రాణవాయువు ఇదియే.

ఈ సత్యము లోకమునకు మొట్టమొదట స్పష్టముగా తెలిసినది నీటిలో మునిగిన ఆకులవలననే యనుట గమనింపదగినది. ఇంగెన్‌హౌజ్ అను డచ్చి వైద్యుడు 1779లో ఆకులను నీటిలో ముంచి ఎండలో ఉంచగా వానినుండి బుడగలు లేచినవి. నీడకు జరుపగా ఆగిపోయినవి. గాలిలో నున్న మొక్క వదలు వాయువు కంటికి కనబడదు. నీటిలోని మొక్క వదలునది బుడగగా కనబడును. మన దేశమున జగదీశ చంద్రబోసు ఈ క్రియను పరిశోధించుటకు ఎన్నుకొన్నది కూడ చెరువు నాచే. మన కుంటలలో నిండుగా పెరుగు హైడ్రిల్లా అను నాచును గాజుపాత్రలో ఉంచి, అది వదలు ఆమ్లజనిని యంత్రముతో కొలిచి, 1924లో ఆ ఫలితములను గ్రంథముగా ప్రకటించెను. ఆ బుడగలలోని ఆమ్లజని నీటినుండియే వచ్చుచున్నదని, బొగ్గుపులుసు వాయువునుండి కాదని 1941లో అమెరికాలో రూబెన్, కామెన్ మొదలగువారు ఋజువుచేసిరి.

ఈ ప్రయోగమును మీ గ్రామ పాఠశాలలో కాసు ఖర్చు లేకుండ చేయింపవచ్చును. ఒక గాజుగ్లాసులో చెరువు నీరు పోసి, గుప్పెడు నాచు వేసి, దానిపై గరాటును బోర్లించి, నీటితో నింపిన పరీక్షనాళమును గరాటు కాడపై తలక్రిందులుగా నిలిపి ఎండలో పెట్టవలెను. కొన్ని గంటలలో నాళము పైభాగమున వాయువు చేరును. ఆర్పిన పుల్లయొక్క ఎర్రని నిప్పును దానిలో చొప్పించిన భగ్గున మండును. గ్లాసును మూలగదిలో పెట్టినచో బుడగలు రావు. పిల్లలకన్న పెద్దలే దీనిని ఎక్కువ ఆశ్చర్యముతో చూచెదరు.

కావున నీటి మొక్కకు కావలసినవి వెలుగు, బొగ్గుపులుసు వాయువు, నీరు, కొన్ని లవణములు. నీటికి కొరత లేదు గనుక దానిని విడిచిపెట్టుదము. నేలమీది మొక్కకు నీటి కొరత యుండును, వెలుగునకు కొరత యుండదు; చెరువులోని మొక్కకు ఇది తలక్రిందు.

వెలుగు

వెలుగు నీటిలో దిగినకొలది తగ్గిపోవును. అందులోను ఎర్రని కిరణములను స్వచ్ఛమైన నీరుకూడ త్వరగా మ్రింగివేయును. కొద్ది మీటర్ల లోతున ఎరుపు దాదాపు ఉండదు. మన చెరువులలోని నీరు స్వచ్ఛమైనది కాదు. ఒండ్రు, పాచి, కుళ్ళిన ఆకుల రంగు అన్నియు వెలుగునకు అడ్డుతగులును. పైకి పడిన వెలుగులో నూటికి ఒక వంతు మిగులు లోతు వరకే సాధారణముగా మొక్కలు బ్రదుకగలవు. ఆ లోతునకు క్రింద అవి పగలు వండుకొనుదానికన్న రాత్రింబవళ్ళు ఖర్చు చేసికొనునది హెచ్చగును. ఆదాయము తక్కువై వ్యయము హెచ్చైన సంసారము వంటిది వాని స్థితి. నాచులన్నిటిలో హైడ్రిల్లాకు మితవ్యయము ఎక్కువ. పూర్తి ఎండలో నూటికి ఒక వంతు వెలుగున్నను అది పెరుగగలదు. ఈ కారణముచేతనే 1950 దశకమున అలంకారపు తొట్ల వ్యాపారముద్వారా ఆసియానుండి ఫ్లోరిడాకు చేరిన ఈ మొక్క అచ్చటి సరస్సులను కప్పివేసి, అమెరికా ప్రభుత్వమునకు పెద్ద తలనొప్పియై కూర్చున్నది.

ఈ ప్రాంతమునకు ఈశాన్య ఋతుపవనములవలన కూడ మంచి వర్షము కలుగును. 2021 నవంబరులో కురిసిన కుంభవృష్టిని ఎవ్వరును మరువలేదు. తిరుపతి సమీపమున రామచంద్రాపురము మండలములోని రాయలచెరువు కట్టనుండి నీరు ఊరగా, దిగువ గ్రామములవారిని సురక్షిత స్థలములకు తరలింపవలసి వచ్చినది. అట్టి వరదల తరువాత చెరువులలో నీరు ఎర్రమట్టి కలిసి టీ వలె ఉండును. మనము కట్టను, తూమును చూచుకొని తృప్తిపడుదుము. కాని నీటి అడుగున నాచు వెలుగులేక కృశించుచుండును. మట్టి తేరుకొనువరకు ఆ చెరువులో వంట సాగదు. పరీవాహక భూములలో గట్లు వేయించుట, వాగుల ఒడ్డున గడ్డిని చెట్లను నిలుపుట పూడికను తగ్గించుటకే గాక, నీటిలోనికి వెలుగు పోవుటకుకూడ సాధనమని గ్రహింపవలెను.

నీటిలో వెలుగు ఎంతలోతు దిగుచున్నదో కొలుచుటకు విలువైన యంత్ర మక్కరలేదు. 1865లో సెక్కీ అను ఇటలీ దేశపు పాదిరి, ఖగోళ శాస్త్రజ్ఞుడు, మధ్యధరా సముద్రమున ఒక పళ్ళెమును ఓడనుండి నీటిలోనికి దింపి, అది కంటికి కనబడకపోవు లోతును కొలిచెను. నేటికిని ప్రపంచమంతట ఇదే పద్ధతి వాడుకలో నున్నది. 20 సెంటీమీటర్ల వెడల్పుగల గుండ్రని రేకును నాలుగు భాగములుగా చేసి, ఎదురెదురు భాగములకు తెలుపు, తక్కిన రెండింటికి నలుపు రంగు పూయవలెను. నడుమ రంధ్రము చేసి, క్రింద రాయి కట్టి, మూరకొలతలో ముడులు వేసిన త్రాటితో దింపవలెను. రేకు మాయమైన లోతును, పైకి లాగునపుడు తిరిగి కనబడిన లోతును చూచి సగటు తీయవలెను. ఆ లోతునకు సుమారు రెండు రెండున్నర రెట్ల లోతు వరకు మొక్కలకు చాలినంత వెలుగు దిగుచున్నదని అర్థము.

చేపల చెరువులో నీరు పచ్చగానుండి ఈ కొలత 30 నుండి 45 సెంటీమీటర్ల మధ్య నున్నచో మేలు. 20 సెంటీమీటర్లకు తగ్గినచో పాచి మితిమీరినదని, అపాయము దగ్గరలో నున్నదని తెలిసికొనవలెను. నీరు పచ్చగా కాక ఎర్రగా నుండి రేకు కనబడకున్నచో అది పాచి కాదు, బురద. ఈ రెండింటికి వైద్యము వేరు.

పులికాటు సరస్సు ఇందుకు చక్కని ఉదాహరణము. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పటినుండి దీని ఆంధ్ర భాగము తిరుపతి జిల్లాలో చేరినది. ఒడిషాలోని చిలుక తరువాత దేశమున పెద్దదైన ఉప్పునీటి సరస్సు ఇది. చాలచోట్ల ఎంత లోతు లేనిదగుటచే వెలుగు అడుగువరకు దిగి, అక్కడ గడ్డిని, కంటికి కనబడని పాచిని పండించును. ఏటేట వచ్చు రాజహంసల గుంపులు మెడలు వంచి బురదలో వెదకుకొనునది ఆ పాచిని, దానిని తిని పెరిగిన చిన్న జీవులనే.

బొగ్గుపులుసు వాయువు

గాలిలో పది లక్షల భాగములకు 420కి పైగా బొగ్గుపులుసు వాయువు కలదు. గాలిని తాకుచున్న చెరువు నీటిలో ఇది కొంత కరగును. లీటరుకు సుమారు అర మిల్లీగ్రాము మాత్రమే. కరగినది కూడ మొక్కవద్దకు చురుకుగా పోదు. గాలిలో కన్న నీటిలో ఈ వాయువు పదివేల రెట్లు మెల్లగా వ్యాపించును. నిలకడగా నున్న నీటిలో నాచు ఆకును అంటి ఒక పలుచని నీటిపొర ఉండును. ఆ పొరలోని బొగ్గుపులుసు వాయువును ఆకు క్షణములో వాడుకొనును. మరల నిండుటకు చాలసేపు పట్టును. వెలుగు సమృద్ధిగా నున్నను అప్పుడు వంట ఆగిపోవును, కట్టెలుండి బియ్యము లేనట్లు. మునిగియుండు మొక్కలకు ఆకులు పలుచగా, రిబ్బనుల వలె, దారముల వలె చీలియుండుటకు ఇదియే కారణము. తక్కువ దేహముతో ఎక్కువ నీటిని తాకవలెనని వాని ప్రయత్నము.

మరికొన్ని మొక్కలు మరియొక ఉపాయము పన్నినవి. నీటిలో కరగియున్న సున్నపు లవణములలో బైకార్బొనేటు అనునది కలదు. హైడ్రిల్లా వంటి నాచులు దానిని పగులగొట్టి, అందలి బొగ్గుపులుసు వాయువును తీసికొనగలవు. అప్పుడు మిగిలిన సున్నము ఆకులపై తెల్లని పొడివలె పేరుకొనును. కుంటలోనుండి తీసిన నాచు చేతికి గరగరలాడుచు తెల్లపూత కలిగియుండుట మీలో కొందరు చూచియే యుందురు. అది రోగము కాదు. ఆ మొక్క భోజనము చేసిన విస్తరి. ఈ శక్తి లేని మొక్కలు అట్టి నీటిలో వెనుకబడిపోవును.

రాత్రి చెరువులోని సమస్త జీవులును బొగ్గుపులుసు వాయువును వదలును గనుక, తెల్లవారునప్పటికి అది కొంత కూడియుండును. తక్కువ వెలుగులో పనిచేయగల హైడ్రిల్లా తక్కిన మొక్కలకన్న ముందు మేల్కొని, ఆ నిలువను దోచుకొనును. సాయంకాలమునకు నిలువ తరిగి, నీటిలో పులుపు తగ్గి, క్షారగుణము హెచ్చును. పాచి మిక్కుటముగా గల కుంటలలో మధ్యాహ్నము మూడుగంటలకు క్షారము తొమ్మిదిని దాటి పది వరకు పోవుట కలదు. అట్టి నీటిలో పేడ మొదలగువానినుండి పుట్టిన అమ్మోనియా చేపలకు విషమగును. ఉదయము పరీక్షించి నీరు బాగున్నదని చెప్పినవాడు అబద్ధమాడినట్లు కాదు. అతడు మధ్యాహ్నము రాలేదంతే.

తామర, కలువల సంగతి వేరు. వాని ఆకులు నీటిపై తేలియో, పైకి లేచియో యుండి గాలినుండియే ఆహారమును గ్రహించును. నేలమీది మొక్కలకు ఆకు అడుగుభాగమున హెచ్చుగానుండు సూక్ష్మరంధ్రములు వీనికి పైభాగముననే యుండును. ఆ రంధ్రములద్వారా పోయిన గాలి కాడలలోని గొట్టములగుండ దిగి, ఊపిరాడని బురదలోనున్న దుంపవరకు చేరును. తామర కాడను అడ్డముగా కోసి చూచిన ఆ గొట్టములు కంటికే కనబడును. తిరుచానూరు పద్మసరోవరమున బంగారు పద్మమునందు అమ్మవారు అవతరించెనని చెప్పుకొను మన ప్రజలకు, ఆ పువ్వు బురదలో వేరూని ఎట్లు నిలుచుచున్నదో తెలిసికొనుట కూడ ఆనందకరమే యగును.

గుర్రపుడెక్క, అంతరతామర కూడ గాలినుండియే బొగ్గుపులుసు వాయువును తీసికొనును. వెలుగునకు, వాయువునకు కూడ లోటులేని ఈ మొక్కలను అడ్డగించునది ఎరువొక్కటే. చెరువులో ఎరువున్నచో వాని పెంపునకు హద్దు లేదు. అనుకూల పరిస్థితులలో గుర్రపుడెక్క రెండు వారములలోపలనే రెట్టింపగును. అది నీటిని కప్పినచో క్రింది నాచునకు వెలుగు అందదు. నాచు చచ్చును, కుళ్ళును, ఆమ్లజని తరుగును. పైన పచ్చగా, పూలతో అందముగానున్న చెరువు అడుగున శ్మశానము.

ఎరువు

పొలమునకు కావలసిన నత్రజని, భాస్వరము, పొటాషు, ఇనుము, మెగ్నీషియము నీటి మొక్కకును కావలెను. పత్రహరితపు అణువు నడిబొడ్డున నుండునది మెగ్నీషియమే. కాని ఇవన్నియు ఒక్కతీరుగా కావలెనని కాదు. ఏది అన్నిటికన్న కొరతగా నున్నదో అదియే పెరుగుదలకు పగ్గము. మంచినీటి చెరువులలో సాధారణముగా ఆ పగ్గము భాస్వరము.

దీనిని నిర్ధారణ చేసిన ఒక ప్రయోగమును పంచాయతీ సభ్యులందరును తెలిసికొనదగును. కెనడా దేశమున 1973లో షిండ్లర్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఒక చిన్న సరస్సును నడుమ తెరగట్టి రెండుగా విభజించిరి. రెండు ప్రక్కలను నత్రజనిని, బొగ్గుసంబంధమైన పదార్థమును కలిపిరి. ఒక ప్రక్కమాత్రము భాస్వరమును కూడ చేర్చిరి. కొన్ని వారములలో భాస్వరము కలిపిన ప్రక్క పచ్చని రంగు పోసినట్లు పాచితో నిండెను. రెండవ ప్రక్క తేటగా మిగిలెను. ఆకాశమునుండి తీసిన ఆ ఛాయాచిత్రమును చూచి అనేక దేశములలో సబ్బుపొడులలోని భాస్వరమును తగ్గించు శాసనములు చేసిరి. మరియొక సరస్సులో బొగ్గుపదార్థము కలుపకుండ భాస్వరమును, నత్రజనిని మాత్రము వేసి చూడగా, పాచి తనకు కావలసిన బొగ్గుపులుసు వాయువును గాలినుండియే మెల్లగా తెచ్చుకొనెను.

మన చెరువులకు భాస్వరము ఎక్కడినుండి వచ్చుచున్నది? టమాటా, చెరకు, వరి పొలములనుండి వానకు కొట్టుకొనివచ్చు ఎరువులు, కట్టప్రక్కన వేసిన పేడకుప్పలు, వీధి మురుగుకాలువలు, చెరువులో బట్టలు ఉదుకుట, పశువులను కడుగుట ఇందుకు ముఖ్యమైన దారులు. ఒక గ్రాము భాస్వరము ఎండబెట్టి తూచిన యెడల సుమారు వంద గ్రాముల పాచిని పెంచగలదని లెక్క కలదు. కావున చెరువులోనికి వచ్చు మురుగుకాలువను ఒక్కదానిని మళ్ళించుట, పది బండ్ల నాచును తీయించుటకన్న లాభకరము. మామిడి గుజ్జు, బెల్లము మొదలైన పనులనుండి వచ్చు తీపినీరు మరియొక విధముగా హానిచేయును. అది పాచిని పెంచుటకు ముందే కుళ్ళి నీటిలోని ఆమ్లజనిని హరించును. దానిని శుద్ధిచేయకుండ వాగులోనికి విడువనీయరాదు.

తిరుమలలో స్వామి పుష్కరిణిని ఏటేట బ్రహ్మోత్సవములకు ముందు ఖాళీచేసి శుభ్రపరచుట కలదు. అడుగున చేరినదంతయు అప్పుడు బయటికి పోవును. మన చెరువులను అట్లు కడుగుట సాధ్యము కాదు గాని, వేసవిలో ఎండినప్పుడు పూడికమట్టిని తీసి పొలములకు తోలుకొను పాత ఆచారము చేయు పని ఇదియే. ఆ మట్టిలో పేరుకొన్న భాస్వరము చెరువునకు బరువు, పొలమునకు బలము.

రాత్రి జరుగునది

ఇప్పుడు చనిపోయిన చేపల సంగతికి వత్తము. 30 డిగ్రీల వేడిలో లీటరు నీటిలో గాలినుండి కరుగు ఆమ్లజని ఏడున్నర మిల్లీగ్రాములే. పాచి హెచ్చుగానున్న కుంటలో మధ్యాహ్నము ఇది పదునైదు వరకు పెరుగవచ్చును. కాని సూర్యాస్తమయముతో వంట ఆగును, ఊపిరి ఆగదు. మొక్కలు, పాచి, చేపలు, బురదలోని సూక్ష్మజీవులు అన్నియు ఆ నిలువనే రాత్రియంతయు పీల్చుకొనును. పగలు ఎంత ఎక్కువ పచ్చదనము వండినదో, రాత్రి అంత ఎక్కువ పచ్చదనము తినును. తెల్లవారుజామున నిలువ అడుగంటును. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వంటి చేపలకు అయిదు మిల్లీగ్రాములు సౌఖ్యము. మూడునకు తగ్గిన బాధ. ఒకటికి దిగిన మరణము.

రెండుమూడు దినములు ముసురుపట్టి సూర్యుడు కనబడకున్నచో పగటి వంట తగ్గును, రాత్రి ఖర్చు తగ్గదు. ఈ కారణమున కార్తీకమాసపు తుపాను దినములు ప్రమాదకరములు. మండువేసవిలో నీరు తక్కువై వేడెక్కియున్నపుడు హఠాత్తుగా పెద్దవాన కురిసినను, అడుగునున్న కుళ్ళునీరు పైకి కలిసి ఇట్లే జరుగును.

విషమా, ఊపిరాడకపోవుటయా అని తెలిసికొనుటకు కొన్ని గుర్తులు కలవు. ఆమ్లజని కొరతవలననైనచో చావులు తెల్లవారుజామున మొదలగును; అంతకుముందు చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరచి గ్రుక్కలు వేయును; పెద్ద చేపలు ముందు చచ్చును; గాలిని నేరుగా పీల్చగల కొర్రమీను, కప్పలు బ్రదికియుండును. విషమైనచో ఏ వేళనైనను జరుగవచ్చును. చిన్నపెద్ద భేదము లేదు. కొర్రమీను, కప్ప, నీటిపురుగు సహితము చచ్చును. గుర్తులు గుర్తులే గాని తీర్పులు కావు. అనుమానమున్నచో అప్పటికప్పుడే శుభ్రమైన సీసాలో మూతవరకు నీరు పట్టి, చల్లగా నుంచి, మత్స్యశాఖవారికి పంపవలెను. మరునాడు పట్టిన నీటికి విలువ తక్కువ. సీసా పట్టినవారు, సాక్షులు ఇరుపక్షములవారై యుండుట మంచిది.

చేపలు గ్రుక్కలు వేయుచున్నపుడు చేయవలసినది వెంటనే చేయవలెను. మేత, పేడ వేయుట ఆపవలెను. మోటారుతో నీరు తోడి ఎత్తునుండి తిరిగి చెరువులోనికే జల్లుగా పడునట్లు చేయవలెను. వీలున్నచో క్రొత్తనీరు విడువవలెను. ఆ సమయమున మైలుతుత్తము చల్లుట ఆరిపోవు దీపమును ఊదుటయే. పాచి ఒక్కుమ్మడిగా చచ్చి కుళ్ళి, మిగిలిన ఆమ్లజనిని కూడ తినివేయును.

నీలియాకుపచ్చ పాచి నీటిపై రంగు మీగడవలె కట్టినపుడు మరియొక జాగ్రత్త కావలెను. అందు కొన్ని జాతులు విషమును తయారుచేయును. అట్టి నీరు త్రాగి పశువులు మరణించుటను ఆస్ట్రేలియాలో 1878లోనే ఒక శాస్త్రజ్ఞుడు వ్రాసి ప్రకటించెను. కాచినను ఈ విషములలో కొన్ని పోవు. మీగడ గాలికి కొట్టుకొనివచ్చి చేరిన ఒడ్డున పశువులను దింపరాదని దండోరా వేయింపవలెను.

తీయుట ఎట్లు?

నాచును పూర్తిగా తీసివేయుట సరికాదు. అది బురదను కదలనీయక పట్టియుంచును, చేపపిల్లలకు ఆశ్రయమిచ్చును, భాస్వరమును తాను వాడుకొని, సన్నని పాచికి చిక్కనీయదు. నాచంతయు తీసిన చెరువు రెండు నెలలలో సన్నని పాచితో పచ్చబడుట తరచు జరుగునదే. ఒకసారికి మూడవవంతు మించకుండ, తూము ముందర, స్నానపు రేవుల వద్ద, వల వేయు తావులలో తీసి, తక్కినది ఉంచుట మేలు. హైడ్రిల్లా విరిగిన ముక్కనుండియు మొలచును గనుక తీసినదానిని నీటి అంచున వదలరాదు. 1959లో మన దేశమునకు తెచ్చిన గడ్డిచేప ఈ నాచును ఇష్టముగా తినును. కాని అది తామరను, లేత గడ్డిని కూడ వదలదు. ఎన్ని వేయవలెనో మత్స్యశాఖవారిని అడిగి వేయుట మంచిది.

గుర్రపుడెక్క విషయమున మాత్రము దయ పనికిరాదు. పూవు రాకమునుపే, కొద్దిగా నున్నప్పుడే పీకించవలెను. దాని గింజలు బురదలో పడి ఏండ్లకొలది బ్రదికియుండును. పై చెరువున ఒక్క మొక్క మిగిలినను, మొరవ పోయినపుడు క్రింది చెరువునకు చేరును. కావున గొలుసులోని పంచాయతీలన్నియు ఒక్కటై పైనుండి క్రిందికి వరుసగా పనిచేసిననే ఖర్చు వృథాకాదు. పీకిన మొక్క బరువులో నూటికి తొంబది వంతులకు పైగా నీరే. రెండుమూడు దినములు కట్టకు దూరముగా ఎండనిచ్చి, పేడ, మట్టి పొరలతో గోతులలో వేసినచో మంచి ఎరువగును. ఆ గోతులు చెరువు నీరు పారివచ్చు వైపున ఉండరాదు. అచ్చట త్రవ్వినచో తీసిన భాస్వరము తొలివానకే తిరిగి చెరువు చేరును.